ఆయుధపూజ నాడు ఆగిన డిస్కులు

నేను డిస్కులు మార్చేవాణ్ని. విజిటింగ్ కార్డు మీద హోదా పేరు చాలాసార్లు మారింది, కంపెనీ పేరు కూడా మారింది, పని మాత్రం అదే. మదనపల్లెలో కాపురం. అటు కుప్పం నుంచి ఇటు తంబళ్లపల్లె దాకా ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, పాల శీతల కేంద్రాల్లో ఉన్న సర్వర్లను చూసుకోవడం ఉద్యోగం. రిటైరై కొంతకాలమైంది.

ఈ పనిలో కొత్తగా చేరిన ఇద్దరు ముగ్గురు ఏం చదవమంటారని నన్ను అడిగారు. డిస్కు ఎలా పనిచేస్తుందో దాన్ని తయారుచేసేవాళ్లే బాగా రాస్తారు, అది చదవండి. అందులో ఉండని సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

పని ఏమిటి

ఇంటి కంప్యూటరులో ఉండే డిస్కుకు విశ్రాంతి ఉంటుంది. సర్వర్‌లో ఉండేదానికి ఉండదు. రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి, పక్కన తనలాంటివే మరికొన్ని తిరుగుతుంటే వాటి అదురును తట్టుకోవాలి. ఇంకొక తేడా కూడా ఉంది. ఇంటి డిస్కు ఒకచోట చదవలేకపోతే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ చాలాసేపు కూర్చుంటుంది. సర్వర్ డిస్కు కాసేపు చూసి, నావల్ల కాలేదని చెప్పేస్తుంది. పోయిన ముక్కను పక్క డిస్కుల సాయంతో తిరిగి కట్టుకునే ఏర్పాటు ఉంటుంది కాబట్టి అలా చెప్పడమే మంచిది. వల్ల కానప్పుడు త్వరగా ఒప్పుకోవడం దాని గుణం. నా పైన పనిచేసిన మేనేజర్లలో ఆ గుణం ఒకరిద్దరిలోనే చూశాను.

డిస్కు పాడైందంటే తప్పు ఎప్పుడూ డిస్కుది కాదు. చౌడేపల్లె వైపు ఒక పాల శీతల కేంద్రంలో డిస్కులు వరసగా పోయేవి. మారుస్తూ పోయాము. మార్చినవీ పోయాయి. ఒక రోజు పని లేక గోడకు ఆనుకుని కూర్చుంటే వీపుకు అదురు తెలిసింది. గోడకు అవతల కంప్రెసర్ ఉంది. సర్వర్‌ను ఎదురుగోడ దగ్గరికి జరిపించాను. ఆ తర్వాత ఆ కేంద్రం నుంచి నాకు ఫోన్లు దాదాపు ఆగిపోయాయి. కాబట్టి మొదట డిస్కును చూడకండి. గదిని చూడండి. ఆ గదిలో పనిచేసేవాళ్లను చూడండి.

సెల్‌ఫోన్లు రాకముందు కస్టమర్లు మా ఇంటికే ఫోన్ చేసేవాళ్లు. నేను బస్సుల్లో ఉండేవాణ్ని, నా భార్య సరళ ఫోన్ ఎత్తేది. ఆమె తెలుగు టీచరు. కంప్యూటరు ముట్టుకున్నది తక్కువ. కానీ ఏ దీపం వెలుగుతోంది, పచ్చదా ఎర్రదా, కూత వస్తోందా అని అడగడం నేర్చుకుంది. అన్నీ విని చివర ఒకే మాట చెప్పేది: "ఆయన వచ్చేదాకా దానిమీద చెయ్యి పెట్టొద్దు." నాకు వచ్చిన మంచి పేరులో చాలా భాగం ఆ మాట వల్ల వచ్చిందే.

శామణ్ణ నియమం

ఉద్యోగంలో నాకు మొదటి పై అధికారి శామణ్ణ. కోలారు వైపు మనిషి, తెలుగులో తిట్టి కన్నడంలో లెక్కపెట్టేవాడు. సెలవు అడిగితే ముఖం తిప్పుకునేవాడు. బాగా చేశావని ఒక్కనాడూ అనలేదు. అతని కింద పనిచేసిన కాలం సుఖంగా గడవలేదు. అయినా ఈ పనిలో నేను నమ్మే నియమం ఒక్కటి ఉందంటే అది అతనిదే.

కుప్పంలో ఒక కాలేజీలో డిస్కు పోయింది. మూడో నంబరు డిస్కు తీసేసి కొత్తది పెట్టమని కంపెనీవాళ్లు ఫోన్లోనే చెప్పారు. ల్యాబ్ చూసుకునే ఆయన ఎడమ నుంచి ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి మూడోది లాగాడు. సర్వర్లలో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. ఆయన లాగింది మంచి డిస్కు. ఒకటి పోతే తట్టుకునే ఏర్పాటు రెండు పోతే తట్టుకోదు. పిల్లల ప్రాజెక్టులు, మార్కులు, అన్నీ పోయాయి. శామణ్ణా నేనూ రైల్లో వెళ్లాము. అప్పటికి చేయడానికి ఏమీ మిగల్లేదు. ల్యాబ్ ఆయన ఆ సర్వర్ ముందు కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. శామణ్ణ ఆయన్ని ఒక్క మాట అనలేదు. బయటికొచ్చాక నాతో అన్నాడు.

"నీ కన్ను నువ్వు చూడాలనుకున్నదే చూస్తాదప్పా. ఇంగొకరి నోట విను."

అప్పటినుంచి మా దగ్గర ఒక పద్ధతి. డిస్కు మీద చెయ్యి వేసే ముందు దాని లేబుల్ మీది నంబరును ఇంకొక మనిషి పైకి చదవాలి. మనం తెర మీది నంబరుతో పోల్చి చూడాలి. రెండూ ఒకటైతేనే చెయ్యి కదలాలి. చదివేవాళ్లకు కంప్యూటరు తెలియాల్సిన అవసరం లేదు, అక్షరాలు తెలిస్తే చాలు. నర్సులు చదివారు, వాచ్‌మన్లు చదివారు, ఒకసారి పాలు పోయడానికి వచ్చిన ఆమె చదివింది. ఎవరూ దొరక్కపోతే దొరికేదాకా పని ఆపాను. కంపెనీలో కొందరు దీన్ని చాదస్తం అన్నారు. కావచ్చు.

తాళం ఉన్న డిస్కులు

పాడైన డిస్కును కంపెనీకి తిరిగి పంపితే కొత్తది ఇస్తారు. కానీ పాడైన డిస్కులో కూడా సమాచారం ఉంటుంది. అందుకని కొందరు కస్టమర్లు డిస్కు తిరిగి ఇవ్వడానికి ఒప్పుకునేవాళ్లు కాదు. పుంగనూరులో ఒక ఆసుపత్రివాళ్లు పాత డిస్కులన్నీ సంచిలో వేసి, నన్ను వెంటబెట్టుకుని వెల్డింగ్ షాపుకు వెళ్లారు. గేట్లు, గ్రిల్స్ చేసే షాపు. ఒక్కో డిస్కుకూ ఈ వైపు నుంచి ఆ వైపుకు బెజ్జం వేయమన్నారు. షాపతను డ్రిల్లింగ్ మిషన్ కింద మొదటిది పెట్టి నన్ను చూశాడు.

"ఎవురి మింద కోపం సార్ ఇది?"

తనను తానే గుప్తలిపిలో రాసుకునే డిస్కులు ఈ బాధ తీర్చడానికే వచ్చాయి. పని సులువుగా చెప్పొచ్చు. దాని మీద ఏం రాసినా అది మొదట గుప్తలిపిలోకి మార్చి అప్పుడు రాసుకుంటుంది. చదివేటప్పుడు తిరిగి మామూలుగా మార్చి ఇస్తుంది. ఆ మార్చే తాళంచెవి డిస్కు లోపలే ఉంటుంది, బయటికి రాదు. మనం ఒక పాస్‌వర్డు పెట్టామంటే, కరెంటు పోయిన ప్రతిసారీ డిస్కు తలుపు వేసుకుంటుంది. పాస్‌వర్డు చెబితేనే తీస్తుంది. దొంగ ఎత్తుకెళ్లినా అతని చేతిలో ఉండేది ఇనుమే.

డిస్కును తుడిచేయడం కూడా సులువే. లోపలి తాళంచెవిని పారేసి కొత్తది చేసుకోమంటే చాలు. పాత సమాచారం అక్కడే ఉంటుంది, దాన్ని చదవగలిగేది మాత్రం లోకంలో ఏదీ ఉండదు. రోజంతా పట్టే పని క్షణంలో అయిపోతుంది. పాస్‌వర్డు మరిచిపోయినా ఇది చేయొచ్చు, అందుకు కావలసిన పెద్ద కోడ్ డిస్కు లేబుల్ మీదే అచ్చు వేసి ఉంటుంది.

మంచి సరుకే. కొనవద్దని నేను ఎవరికీ చెప్పలేదు. కానీ ఒకటి గుర్తు పెట్టుకోండి. మా వైపు ఊళ్లలో నేను చూసిన నష్టాల్లో దొంగ వల్ల జరిగినవి చాలా తక్కువ. మిగిలినవన్నీ మన మనుషులు, మంచి ఉద్దేశంతో చేసినవే.

పుంగనూరు ఆసుపత్రి

వెల్డింగ్ షాపుకు వెళ్లిన ఆసుపత్రే ఆ తర్వాత తాళం డిస్కులు కొనింది. స్కానింగ్ బొమ్మలన్నీ వాటిలోనే. అక్కడి కంప్యూటర్లు చూసుకునే రెడ్డెప్ప అనే అతను పాస్‌వర్డు పెట్టాడు, సర్వర్ మొదలయ్యేటప్పుడు అడిగేలాగా. సర్వర్‌కు పెద్ద బ్యాటరీలు, జనరేటర్ ఉన్నాయి. కరెంటు పోయినా అది ఆగేది కాదు. ఆగకపోతే డిస్కులు తలుపు వేసుకోవు, పాస్‌వర్డు అడగవు. అలా ఏళ్లు గడిచాయి. రెడ్డెప్ప మధ్యలో కుప్పంలో ఒక కాలేజీకి మారిపోయాడు.

ఆ ఆసుపత్రి నాకు ఇంకోలా కూడా తెలుసు. సరళను చివరి సంవత్సరం చూసింది అక్కడి డాక్టరు సుమతి. స్కానులు అక్కడే తీశారు. సరళ చనిపోయిన ఏడాదికి, ఉద్యోగంలో నా చివరి సంవత్సరంలో, ఇప్పుడు చెప్పబోయేది జరిగింది.

ఆయుధపూజ మరుసటి రోజు ఉదయం ఆసుపత్రి మేనేజరు మునిరత్నం ఫోన్ చేశాడు. సర్వర్ ఏదో అడుగుతోందని చెప్పాడు. వెళ్లేసరికి గది ముందు రెండు అరటి పిలకలు కట్టి ఉన్నాయి. లోపల సర్వర్ పెట్టెను తడిగుడ్డతో శుభ్రంగా తుడిచారు. ఒక్కో డిస్కు పిడి మీద పసుపు, దాని మీద కుంకుమ. పైన నిమ్మకాయ. తెర మీద పాస్‌వర్డు చెప్పమని ఒక వాక్యం.

రెడ్డెప్ప ఉన్న రోజుల్లో పూజ నాడు సర్వర్‌కు దూరం నుంచే హారతి ఇచ్చేవాళ్లు, ఆపనిచ్చేవాడు కాదు. ఎందుకు ఆపకూడదో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అతను కుప్పం వెళ్లిపోయాక మునిరత్నానికి అది అన్యాయంగా అనిపించింది.

"ఆంబులెన్సుకు రెస్టు ఇస్తిమి, ఎక్స్‌రే మిషన్‌కు ఇస్తిమి. ఇది ఇన్నేండ్లుగా ఒక్క దినమన్నా ఆగలేదంట సార్. పండగ పూట దీన్ని మాత్రం యాల తిప్పల్ల అని ఆపించినా."

అతన్ని ఏమనగలం? మా వైపు కొడవలి మొదలు లారీ దాకా ఆ ఒక్క రోజు పని చేయించరు. అన్నం పెట్టే వస్తువు మీద గౌరవం అది. యంత్రాన్ని ప్రేమగా చూసే మనిషే చేయగల తప్పు ఇది. నిర్లక్ష్యంగా ఉండేవాడైతే సర్వర్‌ను అలాగే వదిలేసి ఉండేవాడు, ఏమీ జరిగేది కాదు.

బెంగళూరు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాము. అటువైపు మనిషి సమస్య సగం విని, డిస్కు లేబుల్ మీది కోడ్ కొట్టండి, అన్‌లాక్ అవుతుంది అన్నాడు. మునిరత్నం ముఖం వెలిగింది. అది డిస్కును తుడిచేసే కోడ్. నేను ఫోన్ పెట్టేసి అతనికి చెప్పాను.

"బీగం తీస్తాదప్పా. ఇల్లు ఖాళీగా ఉంటాది."

అతను నిమ్మకాయ వైపు చూస్తూ కూర్చుండిపోయాడు.

కుప్పంలో రెడ్డెప్ప

ఫోన్లో అడగదగిన సంగతి కాదనిపించి కుప్పం వెళ్లాను. రెడ్డెప్ప కాలేజీ క్యాంటీన్లో టీ తెప్పించాడు. నన్ను చూసి సంతోషపడ్డాడు. పూజ సంగతి విని నవ్వాడు కూడా.

"దానికేం సార్, పాస్‌వర్డు ఫైల్లో రాసిపెట్టిండాను."

"ఏ ఫైల్లో?"

"సర్వర్లోనే సార్, నా ఫోల్డర్లో..."

తన మాట తనకే వినబడింది. గ్లాసు కింద పెట్టాడు. నేను బ్యాకప్ గురించి అడిగాను. అదీ ఆ జాతి డిస్కేనని, పాస్‌వర్డు కూడా అదేనని చెప్పాడు. బీరువా బీగంచెవి బీరువాలోనే పెట్టి తలుపు వేసేసినట్టు ఉందని తనే అన్నాడు. గుర్తు తెచ్చుకోమంటే తల అడ్డంగా ఊపాడు. గుర్తుంటే అది మంచి పాస్‌వర్డు కాదని అమ్మినవాళ్లు చెప్పారట, అందుకని గుర్తుండని విధంగా, అక్షరాలూ అంకెలూ కలగలిపి పెట్టాడు. చెప్పినట్టే చేశాడు.

అయినా ఆదివారం సొంత ఖర్చుతో పుంగనూరు వచ్చి సాయంత్రం దాకా కూర్చున్నాడు. తనకు తోచినవన్నీ కొట్టాడు. వరసగా కొన్నిసార్లు తప్పు కొడితే మొత్తం ఆపి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక్కటీ పట్టలేదు. వెళ్లేటప్పుడు డిస్కుల మీది కుంకుమ చేతి వేలికి అంటుకుంటే ప్యాంటుకు తుడుచుకుని బస్టాండుకు నడిచి వెళ్లాడు.

తాత్కాలికంగా ఒక మామూలు డిస్కు పెట్టి కొత్త స్కానులు దాంట్లోకి పోయేలా చేశాను. పాతవాటిని తుడిచేసి సర్వర్ లేపమని మునిరత్నం రోజూ అడుగుతున్నాడు. అతను అడగడంలో తప్పు లేదు. తెరవలేని డిస్కులు ఉన్నా లేనట్టే. ఇంకొక్క రోజు, ఇంకొక్క రోజు అని ఆపుతూ వచ్చాను. ఆశ ఉండి కాదు. తుడిచేశాక ఎవరైనా వచ్చి అడిగితే చెప్పే మాట నా దగ్గర లేదు.

అడిగే మనిషి వచ్చింది.

లక్ష్మీదేవమ్మ

డాక్టరు సుమతి సర్వర్ గదికి ఎప్పుడూ వచ్చేది కాదు. ఆ రోజు వచ్చి నిలబడే చెప్పింది. రామసముద్రం పక్క పల్లె నుంచి లక్ష్మీదేవమ్మ అని ఒక రైతు. దగ్గుతో వచ్చింది. స్కాను తీస్తే ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ. మూడేళ్ల కింద కరోనా రోజుల్లో ఇదే ఆసుపత్రిలో స్కాను తీయించుకుంది. అప్పటి రిపోర్టు కాగితంలో కరోనా సంగతే ఉంది, మచ్చ మాట లేదు. ఉండీ రాయలేదో, అసలు లేదో బొమ్మ చూస్తే తప్ప తెలియదు.

"అప్పుడూ ఇంతే ఉండింటే వదిలేయొచ్చు సార్. అప్పుడు లేకుండా ఇప్పుడు వచ్చిండాదంటే వేలూరు పంపించల్ల, ముక్క తీసి చూడల్ల, బహుశా ఆపరేషను. ఊరికే కోయించలేను. ఊరికే ఆగమనీ చెప్పలేను."

పాత బొమ్మ డిస్కుల్లో ఉంది. నా చేతికి అందేంత దూరంలో.

ఆ రోజుల్లో ఫిల్ములు సరిగా దొరక్క పేషెంట్లకు సీడీలే ఇచ్చేవాళ్లు. ఆ సంగతి గుర్తొచ్చి వరండాలోకి వెళ్లాను. లక్ష్మీదేవమ్మ బెంచీ మీద కూర్చుని ఉంది. పక్కన ఆమె భర్త చిన్నప్ప. నన్ను నేను చెప్పుకుని సీడీ ఎక్కడ పెట్టారని అడిగాను. ఆమె భర్త వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు.

"సేన్లో ఉండాది సార్."

"చేన్లోనా?"

"సిలకలకు కట్టింటిమి," అంది ఆమె. "జొన్న సేన్లో. ఎండకు తళతళమంటాంటే దగ్గరికి రావు." నేను ఏమీ అనకముందే ఒళ్లోని ప్లాస్టిక్ కవరు విప్పి, మడత నలగని రిపోర్టు తీసి చూపింది. "కాయితం బద్రంగా పెట్టుకోమని డాక్టరమ్మ సెప్పె. పెట్టుకున్యా. దాన్ని గురించి ఎవురూ సెప్పలా."

నిజమే. ఎవరూ చెప్పలేదు.

ఎన్నాళ్లు కట్టారని అడిగాను. ఒక పంట కాలమే కట్టామని, కంకులు కోశాక దారంతో సహా విప్పి మోటారు రూములో తగిలించానని చిన్నప్ప చెప్పాడు. ఆ మధ్యాహ్నమే వాళ్లతో కలిసి ఆటోలో వెళ్లాను. మోటారు రూములో స్టార్టరు పెట్టె పక్కన మేకుకు ఒక నైలాన్ దారం, దానికి గుత్తిగా సీడీలు. మీద రాసిన రాతలు ఎండకు చెరిగిపోయాయి. ఏది ఏదో తెలియదు. మొత్తం దారాన్నే తెచ్చుకున్నాను. దారిలో ఆటో అతను చూసి, సార్ డెకరేషను పనా అని అడిగాడు.

ఆసుపత్రిలో ఒక్కోదాన్నీ కడిగి, మెత్తని గుడ్డతో మధ్య నుంచి అంచు వైపుకు తుడిచి, పెట్టి చూశాను. మొదటిది పెళ్లి వీడియో. చిన్నప్ప తెర మీద తన తమ్ముణ్ని గుర్తుపట్టి, అప్పుడు జుట్టు ఉండేది అన్నాడు. తర్వాతది భక్తి పాటలు. ఇంకొకటి ఎరువుల కంపెనీ ప్రచారం. ఒకటి అసలు తిరగలేదు. ఆ తర్వాతదాంట్లో లక్ష్మీదేవమ్మ పేరు కనబడింది.

సీడీలో రాత మధ్య నుంచి మొదలై అంచు వైపుకు పోతుంది. దెబ్బ మొదట తగిలేది అంచుకు. దారం గుచ్చిన మధ్య బెజ్జం చుట్టూ రాత ఉండదు, కాబట్టి దారం ఒరిపిడి వల్ల నష్టం లేదు. స్కాను భుజాల దగ్గర మొదలై కిందికి దిగుతుంది, బొమ్మలు ఆ వరసలోనే రాసి ఉన్నాయి. అంటే ఊపిరితిత్తి పైభాగం సీడీలో లోపలి వైపు ఉండాలి. ఇదంతా నేను వాళ్లకు చెప్పలేదు. వేగం తగ్గించి, చదవలేని చోట వదిలేసి ముందుకు పొమ్మని పెట్టి కూర్చున్నాను. చాలాసేపు పట్టింది. కింది భాగం బొమ్మలు ఒక్కటీ రాలేదు. పై భాగంవి, మధ్య మధ్య కొన్ని పోయినా, వచ్చాయి.

సుమతి పాతవీ కొత్తవీ పక్కపక్కన పెట్టుకుని కొలిచింది. ఒకసారి కొలిచి, చెరిపేసి, మళ్లీ కొలిచింది. తర్వాత వరండాలోకి వెళ్లింది, నేనూ వెంట వెళ్లాను.

"అప్పుడూ ఉండింది. ఇప్పుడూ అంతే ఉండాది. పెరగలేదమ్మా."

"అయితే కోసేది లేదా?"

"లేదు. దగ్గుకు మందు రాస్తా. ఏడాదికొకసారి వచ్చి చూపించుకోండి."

చిన్నప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. లక్ష్మీదేవమ్మ కాగితాన్ని కవరులో పెట్టి, కవరును రెండు మడతలు వేసి, చంకలో పెట్టుకుంది. లేచాక నన్ను చూసింది.

"ఆ సీడీ మీరే పెట్టుకుంటారా?"

మేమే పెట్టుకుంటామని చెప్పాను.

"అయితే ఇంగొకటి ఇయ్యప్పా. పాతదైనా సరే. సేను కంకి మింద ఉండాది."

బీరువాలో పాడైన సీడీలు ఉంటే ఒక దొంతి ఇచ్చాను. దారం మాత్రం తిరిగి అడిగి తీసుకుంది.

చేసిన ఏర్పాటు

తర్వాత జరిగింది చెప్పే ముందు, మేము చేసిన ఏర్పాటు చెబుతాను. మీకు పనికొచ్చేది అదే.

మీ పాత సీడీలు, ఫిల్ములు తెచ్చి చూపిస్తే కాపీ తీసుకుని తిరిగి ఇస్తామని ఆసుపత్రి ముందు బోర్డు పెట్టించాము. జనం తెచ్చారు. కొన్ని పొలాల నుంచి వచ్చాయి, కొన్ని ఆటో అద్దాల దగ్గర వేలాడినవి, ఒకటి పిల్లల సైకిలు చక్రంలోంచి. చదవగలిగినంత చదివాము. పోయినవాటితో పోలిస్తే తక్కువే.

కొత్త పాస్‌వర్డును ఇద్దరికి ఇచ్చాము. వాళ్లు ఒకే చోట పనిచేయరు. ఒకరు మారితే, కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని స్వయంగా కొట్టి తలుపు తెరిచి చూపాకే పాతవాళ్లకు సెలవు. ఇంకొకటి మునిరత్నం చేసిన ఆలోచన. ఏటా ఆయుధపూజ నాడు సర్వర్‌ను కావాలనే ఆపుతారు. తుడిచి, బొట్టు పెట్టి, బొరుగులూ పుట్నాలూ పంచి, ఆ తర్వాత అందరి ముందు పాస్‌వర్డు కొట్టి తెరుస్తారు. తెరుచుకుంటే హారతి ఇస్తారు. ఏడాదికి ఒకసారైనా తీసి చూడని తాళం మీద నమ్మకం పెట్టుకోకూడదని నేను ఎన్ని రిపోర్టుల్లో రాసినా ఎవరూ చేయలేదు. పండగలో కలిపాక మానలేదు.

ఆ డిస్కులు

లక్ష్మీదేవమ్మ వెళ్లాక ఆ డిస్కులను ఇంకా ఆపి ఉంచడానికి కారణం లేకపోయింది. మునిరత్నం మళ్లీ అడిగినప్పుడు సరేనన్నాను.

సరళ స్కానులు కూడా వాటిలోనే ఉన్నాయి. ఆమె చనిపోయిన నెలలో ఇంట్లో ఉన్న ఫిల్ములూ మందుల కాగితాలూ నేనే తీసేశాను, చూస్తూ ఉండలేక. ఇక్కడ ఒక కాపీ ఉందని తెలుసు. ఎప్పుడూ అడిగి చూడలేదు. వైద్యానికి వాటితో ఇక పని లేదు. ఎవరికీ పని లేదు.

పాస్‌వర్డు తెలియని డిస్కును తుడవాలంటే లేబుల్ మీది కోడ్ మొత్తం కొట్టాలి. డిస్కును బయటికి తీసి, చూసి కొట్టి, తిరిగి అరలో పెట్టాక తుడవమని చెప్పాలి. అక్షరాలు చిన్నవి, వరస పొడుగు. పద్ధతి ప్రకారం ఇంకొకరు పైకి చదవాలి. మునిరత్నం కళ్లజోడు ఇంట్లో మరిచాడు. ఓపీ అయిపోయిన వేళ, సుమతి ఆ దారిన పోతుంటే పిలిచాను. ఆమె స్టూలు లాక్కుని కూర్చుని మొదటి డిస్కును చేతిలోకి తీసుకుంది. పిడి మీద పసుపు ఎండిపోయి ఉంది. బొటనవేలితో తుడిచి, లేబుల్‌ను వెలుతురు వైపు తిప్పి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం చదువుతుంటే నేను కొడుతున్నాను. సగం అయ్యాక ఆగింది.

"రమణ సార్, సరళమ్మవి కూడా వీట్లోనే కదా."

"వీట్లోనే."

ఆమె డిస్కును ఒళ్లో పెట్టుకుంది. కావాలంటే ఈ పని రేపు చేద్దామనో, ఇంకెవరితోనైనా చేయిద్దామనో అనబోతోందని నాకు తెలుసు. మంచి డాక్టరు, మంచి మనిషి. రేపు కూడా వాటిలో తేడా ఏమీ ఉండదు. ఇంకొకరు చేసినా ఉండదు.

తెర మీద నేను కొట్టినంతవరకు ఒకసారి పైకి చదివాను, సరిగ్గా ఉందో లేదో ఆమె పోల్చి చూడాలని. ఆమె లేబుల్ చూసి, సరిపోయింది అంది.

"తర్వాతి అక్షరం చదవండమ్మా," అన్నాను.

ఆమె చదివింది.